కాకినాడ వెళ్లిపోయిన టీచరమ్మ

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేచిన ఏడాది, ఆ చుట్టుపక్కల తల్లిదండ్రులందరికీ ఒకటే జబ్బు పట్టుకుంది. ఆదివారం వచ్చిందంటే పిల్లల్ని స్కూటరు మీద కూర్చోబెట్టుకొచ్చి, ఆ గేటు బయట దింపి, "చూశావా, రేపు నువ్వు అందులో కూర్చోవాలి" అని వేలు పెట్టి చూపించడం. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవారు. లోపల ఏం పని చేస్తారో చూపించే నాన్నకూ తెలియదు, చూసే పిల్లాడికీ తెలియదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే లోపల బాగా చలిగా ఉంటుందని చెప్పేవాడు. అంతవరకు ఖాయం.

ఈ జబ్బు ముదిరి, అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఒక ప్రైవేటు హైస్కూలు కరస్పాండెంటు సీతారామయ్యగారి ప్రాణం మీదికొచ్చింది. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు రోజూ వచ్చి ఆయన గదిలో బైఠాయించేవారు. ఎంపీసీ ఇప్పించాలా, పాలిటెక్నిక్ మంచిదా, ఏకంగా కంప్యూటర్ కోర్సులో పడేస్తే పోలా అని ఒకటే పోరు. ఆయన అసలు వ్యాపారం కలప అడితి. స్కూలు తర్వాత పుట్టిన ఆలోచన. ఈ ప్రశ్నలకు ఆయన దగ్గర జవాబెక్కడిది? రెండు మూడు రోజులు బుర్ర గోక్కుని, సైన్సు లాబ్ తలుపు మీద 'కెరీర్ గైడెన్స్' అని రాయించి, ఆ పని సైన్సు టీచరు బాలాత్రిపురసుందరికి అంటగట్టాడు.

"బడి వదిలాక కూర్చోవాలండి. మిగతా టీచర్లకి సంసారాలున్నాయి. మీకైతే ఇంటికెళ్లి చేసే పనేముంది?" అన్నాడు, మంచి మాటే చెబుతున్నాననుకుని.

ఆమె "సరేనండి" అంది. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా అందులో తప్పేం లేదు. నిజంగానే ఇంట్లో పనేం లేదు. నలభై దాటి చాలా ఏళ్లయింది. కాకినాడలో తల్లి మంచాన పడి ఉన్నన్నాళ్లూ పెళ్లి మాట వాయిదా పడుతూ వచ్చింది. తల్లి పోయాక ఆ మాట ఎత్తే మనిషే లేకపోయింది. తమ్ముడు విశ్వేశ్వరరావు ఇంట్లో ఆమెకు గది లేదని ఎవరూ అనలేదు. ఉందని కూడా ఎవరూ అనలేదు. అందుకే ఆమె హైదరాబాదు వచ్చి, మాదాపూర్‌లో యాదమ్మ ఇంటి వెనక పోర్షన్ కిరాయికి తీసుకుని, టీచరుగా కుదురుకుంది. పేరు పలకలేక పిల్లలు ఆమెను త్రిపుర మేడమ్ అనేవారు.

ఆ బోర్డు కింద కూర్చున్నాక త్రిపుర ఒక పద్ధతి పెట్టుకుంది. పెద్దయ్యాక ఏమవుతావని ఏ పిల్లనీ అడిగేది కాదు. అలా అడిగితే పిల్లలు ఎదుటివాళ్ల మొహం చూసి వాళ్లకు నచ్చేది చెప్తారని ఆమెకు తెలుసు. అందుకని పదో తరగతిలో ఒక్కొక్కరినీ ఒక రోజంతా ఒక పనిచేసే మనిషి వెంట పంపేది. ఒకరిని దవాఖానలో నర్సు వెంట, ఒకరిని బ్యాంకు క్యాషియరు పక్కన, ఒకరిని టెలిఫోను లైన్‌మన్ వెనకాల. ఆ మనుషుల్ని బతిమాలుకోవడానికి సెలవు రోజుల్లో గొడుగేసుకుని తనే తిరిగేది. సాయంత్రం పిల్ల తిరిగొచ్చాక ఏం చూశావని అడగదు, ఏం నేర్చుకున్నావని అడగదు. "విసుగెప్పుడొచ్చింది?" అని ఒక్కటే అడుగుతుంది. నవీన్ అనే కుర్రాడిని వాళ్ల నాన్న పట్టుబట్టి కంప్యూటర్ ఆఫీసుకే పంపమంటే అక్కడికే పంపింది. వాడు మధ్యాహ్నం భోజనానికి ముందే కుర్చీలో నిద్రపోయాడు. అదే కుర్రాడు ఆ మర్నాడు పశువుల డాక్టరు వెంట వెళ్లి, పేడ తొక్కుకుంటూ తిరిగొచ్చి, మళ్లీ ఎప్పుడు వెళ్లమంటారని అడిగాడు. వాళ్ల నాన్న ఆమెతో నెల రోజులు మాట్లాడలేదు.

పిల్లలు పాసై వెళ్లిపోయేవారు. బస్సులో కనబడితే లేచి సీటిచ్చేవారు, వాళ్ల స్టాపు రాగానే దిగిపోయేవారు. పిల్లలన్నాక వెళ్లాలి. వెళ్లడం కోసమే కదా ఇంత తిరుగుడు. అయినా ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడు, ఊరందరి రేపటి గురించీ ఆలోచించే తనకు ఈ సాయంత్రం ఎలా గడుస్తుందో తెలియదే అని దిగులేసేది. ఒక్క మనిషికి వండుకోవడం కంటే విసుగైన పని లోకంలో లేదు. చాలా రోజులు పెరుగన్నంతో సరిపెట్టేసేది.

అలాంటి ఇంట్లోకి అశ్విని వచ్చింది.

అశ్విని నాన్న లక్ష్మీనారాయణ అనంతపురం వైపు నుంచి వచ్చి స్థలాలు కొనిపించే, అమ్మించే పనిలో పడ్డాడు. అదే వీధిలో నాలుగిళ్ల అవతల వాళ్ల కాపురం. మంచి మనిషి. ఎవరికి ఏ అవసరమున్నా పిలవకుండానే వచ్చి వాలతాడు, వాలినందుకు ఆ ఇంటివాళ్లే పరేషాన్ అయిపోవాలి. ఆ ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచీ బ్రోకర్లు, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, మోగుతూనే ఉండే ఫోను. పొయ్యి మీది టీ గిన్నె దిగేది కాదు. ఆ టీ కాచేదీ, ఫోను ఎత్తి "నాయన సైటుకు పోయినాడు" అని చెప్పేదీ అశ్వినే. తొమ్మిదో తరగతిలో ఒకసారి లెక్కల పుస్తకం పట్టుకుని త్రిపుర గుమ్మంలోకి వచ్చి, "మేడమ్, జరసేపు ఇక్కడ కూర్చుని చదువుకోనా?" అని అడిగింది. ఆ జరసేపు రెండేళ్లయింది.

ఇంక త్రిపుర ఇల్లే మారిపోయింది. చారు పోపు వాసన వీధిలోకి వచ్చేది. వంకాయలు ఏరేటప్పుడు చెయ్యి దానంతటదే ఇంకో రెండు ఎక్కువ ఏరేది. పిల్ల చదువుకుంటుంటే ఈమె పేపర్లు దిద్దుకునేది. గిన్నెలు నేను తోముతానంటే నేను తోముతానని ఇద్దరూ వాదించుకునేవారు. కొన్నిసార్లు గంటల తరబడి ఏ మాటా ఉండేది కాదు, కానీ గదిలో ఇంకో మనిషి ఊపిరి వినబడేది. త్రిపురకు అంతే చాలు. అంతకంటే ఏం కావాలో ఆమెకు తెలియను కూడా తెలియదు.

పదో తరగతిలో అశ్విని వంతు వచ్చినప్పుడు ఆమెను భూగర్భ జలాల సర్వే చేసే రామబ్రహ్మం వెంట పంపింది. ఆ ఎంపికకు లక్ష్మీనారాయణే కారణం. ఆయన ప్లాట్లలో బోరు వేయించే ముందు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే ఒక పెద్దమనిషిని పిలిపించేవాడు. కాయ ఎక్కడ నిలబడితే అక్కడ తవ్వకం. మూడు బోర్లలో రెండు ఎండిపోయేవి. కాయది తప్పు కాదు, చెయ్యి వణికిందని సర్దిచెప్పుకునేవాడు. నేల కింద ఏముందో చెయ్యి పెట్టకుండా ఎలా తెలుస్తుంది మేడమ్ అని ఈ పిల్ల అప్పుడప్పుడూ అడుగుతుండేది. రామబ్రహ్మంతో ఖాజాగూడ బండల మధ్య ఎండలో వైర్లు మోసి, ఇనుప మేకులు పాతి, మొహం కమిలిపోయి తిరిగొచ్చింది.

"విసుగెప్పుడొచ్చింది?"

"రాలేదు మేడమ్. ఇంక ఇంటికి పోదామని ఆ సారు అన్నప్పుడు వచ్చింది."

దాంతో దారి తేలిపోయింది. ఇంటర్లో సైన్సు, ఆ తర్వాత నేల గురించి చదివే డిగ్రీ. కానీ చదవడానికి ఆ ఇంట్లో చోటేది? పైగా లక్ష్మీనారాయణకు ఎవరో చెప్పారు, డాక్టర్ల మాటలు విని టైపు చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సు ఆరు నెలలు చేస్తే ఏకంగా అద్దాల భవనంలో కూర్చోవచ్చని. ఇంటర్మీడియెట్ దేనికి, ఉన్న ఊళ్లోనే ఉంటుంది, ఫోను చూసుకునే మనిషీ ఉంటుంది అని ఆయన లెక్క. అందుకే త్రిపుర పట్టుబట్టి ఆడపిల్లల ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీకి ప్రవేశ పరీక్ష రాయించింది. తిండీ చదువూ వాళ్లే చూసుకుంటారు, టీలు కాచే పనుండదు. మేలో పరీక్ష అయింది, జూన్‌లో సీటు వచ్చింది. రాష్ట్రానికి ఆ చివరనున్న కాలేజీలో వచ్చింది.

లక్ష్మీనారాయణ ఆ సాయంత్రమే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, అంత దూరం ఆడపిల్లను పంపించల్లంటే ఇంట్లో ఆమె ఏడుస్తాంది. నాకేమో ఈ సదువుల సంగతి తెలీదు. మీరు పొమ్మంటే పోతాది, వద్దంటే ఆ కోర్సులో ఏస్తా. మీరెట్ల చెప్తే అట్ల."

పంపండి అనాల్సిన మాట త్రిపుర నోట్లోనే ఉంది. కానీ పైకి వచ్చిన మాట వేరు. "రెండ్రోజులు ఆలోచిద్దామండి" అంది.

అందులో ఆలోచించడానికి ఏముంది? ఏమీ లేదు. సంవత్సరం పొడుగునా పరాయి తండ్రుల్ని పట్టుకుని, మీ సౌకర్యం కోసం పిల్లల బతుకు ఆపకండి అని నీతులు చెప్పిన మనిషి, తన వంతు రాగానే రెండ్రోజులు గడువు అడిగింది. ఆయన వెళ్లాక ఆమె లైటు వెయ్యకుండా అలాగే కూర్చుంది. యాదమ్మ అటు వచ్చి, "ఏంది టీచరమ్మా, గిట్ల చీకట్ల కూసున్నవ్? పానం బాగలేదా?" అంటే, కరెంటు పోయిందనుకున్నానని చెప్పింది. యాదమ్మ స్విచ్చి వేసి, ఆమె మొహం చూసి వెళ్లిపోయింది.

మర్నాడు అశ్విని వచ్చి, రోజూ కూర్చునే చోట కూర్చుని, పుస్తకం తియ్యకుండా అంది. "మేడమ్, నేను పోను."

"ఎందుకమ్మా?"

"ఊరికే."

"ఊరికే అనేది కారణం కాదు. భయమా?"

"భయం ఏంలేదు." అశ్విని కాసేపు గచ్చు మీద వేలితో గీతలు గీసింది. "నేను పోతే మీరొక్కరే అయిపోతారు. నేను లేని రోజు మీరు పొయ్యి కూడా ముట్టించరు. నాకు తెల్సు. మొన్న మా పిన్ని ఊరికి పోయొచ్చినప్పుడు చూసినా, గిన్నెలన్నీ బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నయ్. ఇక్కడే ఏదో కాలేజీలో చేర్తా. పొద్దున టీలు కాస్త, సాయంత్రం మీ దగ్గర చదువుకుంటా. నాయనకు మీరు చెప్పండి."

ముందు త్రిపురకు సంతోషమేసింది. దాచిపెట్టి లాభం లేదు, సిగ్గు లేకుండా సంతోషమేసింది. తన పొయ్యి గురించి ఆలోచించే మనిషి ఒకరున్నారని గుండె నిండిపోయింది. ఆ సంతోషం సగంలోనే ఉండగా, పదిహేనేళ్ల పిల్ల మొహం ఆమెకు సరిగ్గా కనబడింది. మంచాన పడిన మనిషి పక్కన కూర్చుని, ఈ ఏడాది కాదులే అనుకుంటూ ఏళ్లు గడిపిన ఒక అమ్మాయి మొహం ఎలా ఉండేదో త్రిపురకు బాగా తెలుసు. ఎందుకంటే ఆ అమ్మాయి తనే.

"పిచ్చిపిల్లా, నేనొక్కదాన్నే ఎందుకవుతాను?" అంది. గొంతులో ఆ నవ్వు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. "నీకు చెప్దామనే అనుకుంటున్నాను. నేనూ వెళ్లిపోతున్నానే. కాకినాడ. మా తమ్ముడు ఒకటే రమ్మంటున్నాడు. పిల్లల్ని చూసుకోవడానికి పెద్దదిక్కు కావాలట. ఇంక ఈ వయసులో ఒక్కదాన్నీ ఇక్కడెందుకు చెప్పు?"

అశ్విని తలెత్తి చూసింది. "నిజంగానా మేడమ్?"

"నిజంగానే. నువ్వు ఇక్కడే ఉంటే ఈ గదికి వేసిన తాళం చూసుకుంటూ కూర్చోవడమే."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, వెంటనే నవ్వు కూడా వచ్చింది. "అయితే మీ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడేవాళ్లుంటరు" అంది. లేచి వెళ్లి వాళ్ల నాన్నకు తనే చెప్పింది, పోతానని.

అబద్ధం ఆడటం తేలిక. కానీ అది లక్ష్మీనారాయణ చెవిన పడ్డాక ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున్నే ఆయన హడావుడిగా వచ్చాడు. "మేడమ్, ఎంత మంచి మాట చెప్పినారు! మీరేం ఫికర్ పడొద్దు. మీ రూము అడ్వాన్సు, సామాను, టికెట్టు అన్నీ నేను సూసుకుంటా. మా పాపకు ఇంత చేసినారు, నేను ఈ మాత్రం చెయ్యకుంటే ఎట్ల?" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. మూడో రోజుకల్లా ఆ పోర్షన్‌కు కొత్త కిరాయిదార్లను తెచ్చాడు. అద్దాల భవనంలో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, యాదమ్మ అడిగినంత ఇస్తామన్నారు. యాదమ్మ మొహం వెలిగిపోయింది, మళ్లీ వెంటనే ముడుచుకుంది.

"నిజంగనే పోతవా టీచరమ్మా? నువ్వు పోనంటే ఆ పిలగాండ్లకు గిప్పుడే రావద్దని చెప్త. పైసలదేముంది, ఇయ్యాల ఉంటయ్, రేపు పోతయ్."

త్రిపురకు ఆ క్షణంలో ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ గోడ అవతల గదిలో అశ్విని ఆమె పుస్తకాలు కట్టలు కడుతోంది. "వెళ్తానమ్మా. తమ్ముడు ఎదురుచూస్తుంటాడు" అంది.

స్కూల్లో సీతారామయ్యగారు శాలువా కప్పించి, బత్తాయిలు చేతిలో పెట్టి, కుటుంబ జీవితంలోకి అడుగుపెడుతున్న మన బాలాత్రిపురసుందరిగారు అని ఉపన్యాసం ఇచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె శాలువా కొస పట్టుకుని నిలబడింది. తమ్ముడు అసలు ఏడాదికోసారి సత్యనారాయణ వ్రతానికి కార్డు రాయడం తప్ప ఏ కబురూ పెట్టడని ఆ చప్పట్లు కొట్టేవాళ్లలో ఒక్కరికీ తెలియదు.

లక్ష్మీనారాయణ కుటుంబమంతా సికింద్రాబాదు స్టేషనుకొచ్చి ఆమెను రైలెక్కించారు. వాళ్లు గేటు దగ్గరే ఆగిపోతే రైలెక్కకుండా ఊళ్లోనే ఎక్కడో ఉండిపోదామని ఆమె అనుకుంది గానీ, ఆ మనిషి సీటు దాకా వచ్చి, సంచులు సర్ది, పక్క బెర్తు ముసలాయనకు ఆమెను అప్పగించి మరీ దిగాడు. అశ్విని కిటికీ ఊచలు పట్టుకుని అడ్రసు అడిగింది.

"తమ్ముడు కొత్తింట్లోకి మారుతున్నాడమ్మా. వెళ్లాక నేనే రాస్తాను."

"దసరాకు ఇంటికొస్తా మేడమ్. అప్పటికి రాయండి."

"రాస్తాను."

ఇంతమంది నమ్మాక ఆమెలో కూడా ఏదో ఒక మూల చిన్న ఆశ పుట్టింది. వెళ్తే ఉండమంటాడేమో, ఈ అబద్ధం కాస్తా నిజమైపోతుందేమో అని. కాకినాడలో తమ్ముడు మర్యాదగానే చూశాడు. మరదలు వీరలక్ష్మి మంచి కాఫీ ఇచ్చింది, కొత్త దుప్పటి పరిచింది. రెండో రోజు టిఫిను పెడుతూ, "తిరుగు రిజర్వేషన్ చేయించుకున్నారా వదినా? ఇప్పుడు దొరకడం కష్టమటండి" అని అడిగింది. తమ్ముడు పేపర్లోంచి తల ఎత్తలేదు. త్రిపుర ఆ సాయంత్రం బండికే బయల్దేరింది.

మాదాపూర్ వైపు వెళ్లడానికి లేదు. వ్యాపారమంతా అటే చేసుకునే లక్ష్మీనారాయణ ఇటెందుకొస్తాడులే అనుకుని, ఊరికి ఇంకో మూలనున్న ప్రగతి నగర్‌లో ఒక చిన్న బళ్లో చేరింది. చెరువుకు దగ్గర్లో ఒక గది దొరికింది. అప్పటికింకా సగం ప్లాట్లు ఖాళీ. సాయంత్రమయ్యేసరికి రోడ్డు మీద మనిషి అలికిడి ఉండేది కాదు, కుక్కలు మొరగడం తప్ప. ఆ బళ్లోనూ పదో తరగతి పిల్లలున్నారు, వాళ్లకూ రేపు ఏం చెయ్యాలో తెలియదు. ఆమె మళ్లీ గొడుగు తీసింది. పని పనిలాగే సాగింది. ఇంటికొచ్చాక మాత్రం గదిలో కుర్చీ జరిపిన చప్పుడు కూడా పెద్దగా వినబడేది. అశ్వినికి రాయాలని చాలాసార్లు అనిపించింది. ఎక్కడి నుంచి అని రాయాలి? పైన కాకినాడ అని రాస్తే, పోస్టాఫీసు ముద్ర కాకినాడది ఎలా పడుతుంది? కాగితం తీసి మళ్లీ లోపల పెట్టేసేది.

దసరా సెలవులొచ్చాయి. పండక్కి ముందు ఒక పొద్దున త్రిపుర అంజయ్య కిరాణా కొట్లో నిలబడి చింతపండు తూయించుకుంటోంది. ఎదురుగా ఖాళీ ప్లాట్ల దగ్గర ఒక జీపు ఆగింది. ముందు దిగినవాళ్లు ఎవరో కొనేవాళ్లలా ఉన్నారు. వాళ్ల వెనక దిగిన మనిషి గొంతు ఆమె చెవుల్లో మోగింది. భూమి ధర పెరిగిన చోటికల్లా వచ్చే మనిషి ప్రగతి నగర్‌కు మాత్రం రాడని ఎలా అనుకుందో ఆమెకే నవ్వొచ్చేది, ఇంకెప్పుడైనా అయితే. జీపులోంచి ఆఖరున అశ్విని దిగింది. బాగా చిక్కిపోయింది. రెండు జడలు వేసుకుంది.

కొనేవాళ్లు ప్లాట్లలోకి నడిచారు. తండ్రీ కూతురూ సోడా కోసం కొట్టు వైపే వస్తున్నారు. త్రిపుర ఏం ఆలోచించలేదు. కొట్లోకి దూరి బియ్యం బస్తాల వెనక కూలబడింది. అంజయ్య బిత్తరపోయి చూస్తుంటే, చెప్పొద్దని పెదాల మీద వేలు పెట్టింది.

సోడా కాయ కొట్టిన చప్పుడైంది. తర్వాత అశ్విని గొంతు, బస్తాకు అవతలే.

"నాయనా, నేను మళ్లా అక్కడికి పోను."

"మళ్లీ మొదలుపెట్నావా? రేతిరంతా ఇదే కదా."

"అక్కడ నాకు ఎవరూ లేరు. అందరూ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తరు, నేను కూడా. నేను పోను. ఇక్కడే ఉంటా, నువ్వు చెప్పిన కోర్సే చేస్తా."

"కోర్సు లేదు ఏమీ లేదు" అన్నాడు లక్ష్మీనారాయణ. "ఆ రామబ్రహ్మం సారు సూపించిన కాడ బోరు ఏస్తే నీళ్లు ఎట్ల ఎగజిమ్మినాయో సూసినావు కదా. నా కూతురు కూడా ఇట్లనే నీళ్లు చెప్తాదని పదిమందికి చెప్పుకున్నా. ఈడ ఉంటే నీకేం ఉండాది? మీ అమ్మ నేను మా పనుల్లో మేము. టీలు కాసుకుంటా కూర్చుంటావా?"

"మేడమ్ ఉండుంటే ఆమె దగ్గర చదువుకునేదాన్ని."

బస్తాల వెనక త్రిపుర రెండు చేతులతో నోరు మూసుకుంది. లేచి నిలబడితే చాలు. ఇక్కడే ఉన్నానే అంటే చాలు. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి పట్టుకుంటుంది, రేపటి నుంచి పొయ్యి మీద చారు మరుగుతుంది, గదిలో ఇంకో మనిషి ఊపిరి ఉంటుంది. అడిగేవాళ్లు ఎవరున్నారు? తండ్రి అయినా ఇవాళ కాకపోతే రేపు సరేనంటాడు. ఇంత చేశాను, ఇంక నావల్ల కాదు అని ఆమె మనసు గట్టిగా అరిచింది. మోకాళ్లు లేవబోయాయి కూడా. ఆమె బస్తా కుట్టు తాడును వేళ్లకు చుట్టుకుని పట్టుకుంది.

"మేడమ్ యాడుంది తల్లీ?" లక్ష్మీనారాయణ గొంతు కొంచెం మెత్తబడింది. "ఆమె తమ్ముని పిల్లోల్లను ఆడించుకుంటా ఆమె సుఖంగా ఉండాది. పోయినాక ఒక కార్డు ముక్కన్నా రాసిందా మనకు? తప్పు పట్టడంలే నేను. ఎవరి సంసారం వాళ్లకు వచ్చినాక మనం ఎందుకు గుర్తుంటాం? నువ్వు నీ దారి సూసుకోవల్ల."

అశ్విని సోడా సీసా బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"రాస్తానని చెప్పింది" అంది. మళ్లీ తనే, "మరిచిపోయింటది" అంది.

మరిచిపోలేదే తల్లీ అనే మాటను త్రిపుర బయటికి రానివ్వలేదు.

"సరే. పోతా" అంది అశ్విని. అది ఏడుపు గొంతు కాదు. కోపంతో గట్టిపడిన గొంతు. "ఆమే మరిచిపోయినంక ఇక్కడ ఎవరి కోసం ఉండాలె? టికెట్టు ఎప్పటికి చేసినవ్?"

"ఎల్లుండికి."

"ఇంకోసారి పోనని అనను. నువ్వు కూడా ఆమె మాట ఎత్తకు."

చిల్లర చప్పుడైంది. అడుగులు దూరమయ్యాయి. కొనేవాళ్లు తిరిగొచ్చి, ఏదో బేరం మాట్లాడుకుని, జీపు కదిలి వెళ్లిపోయేదాకా త్రిపుర బయటికి రాలేదు. అంజయ్య వచ్చి చెయ్యి అందించి లేపాడు. కాళ్లు తిమ్మిరెక్కి ఆమె అక్కడే బస్తా మీద కూర్చుంది.

"ఎవరమ్మా వాళ్లు? ఏమన్న జగడమా?"

"కాదండి. మా అమ్మాయండి."

"మీ బిడ్డనా?" అంజయ్య ఆమె మొహం వైపు వింతగా చూశాడు. "మరి గట్ల దాక్కుంటివేంది? పిలుస్తె ఉరికొస్తుండె కదా."

"వచ్చేదండి. వస్తే ఇంక వెళ్లదు" అంది త్రిపుర. "చదువుకోవడానికి వెళ్తోంది."

అంజయ్యకు అర్థం కాలేదు. అయినా లోపలికి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చి, కొట్లోకి వచ్చినవాళ్లను అటు పక్కకు పంపించాడు. త్రిపుర ఆ బియ్యం బస్తా మీదే కూర్చుని, ఎవరు చూస్తున్నా లెక్కచెయ్యకుండా, చాలాసేపు ఏడ్చింది. ఆ పిల్ల వెళ్తానంది, అదే కావలసింది, అది జరిగింది. ఇంక దసరాలొచ్చినా, సంవత్సరాలు గడిచినా తన పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఏడుపు తగ్గాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, చింతపండు పొట్లం చేతిలోకి తీసుకుంది. దూరం నుంచి చూద్దామన్నా, ఎల్లుండి బండి పొద్దున్నదో సాయంత్రందో లక్ష్మీనారాయణ చెప్పలేదే అని అప్పుడు గుర్తొచ్చి ఆమెకు మళ్లీ దిగులేసింది.